గట్టున పెట్టిన ఒట్లు

ఎర్రమట్టి కొండల నడుమ జేగురుకొండ అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యానికి శత్రువులు లేరు, దొంగల భయం లేదు, కోరింటేరు నిండుగా పారుతుంది కనుక కరువూ లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క జబ్బు. అక్కడ మాట ఇవ్వనివాడు లేడు, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నవాడూ లేడు.

అలాగని వాళ్ళు తాము మాట తప్పుతున్నామని అనుకునేవారు కారు. అందుకు వాళ్ళకొక ఆచారం ఉండేది. ఇచ్చిన మాట బరువనిపించినప్పుడు ఏటి గట్టుకు పోయి, ఆ మాటకు తగినంత రాయి ఒకటి అక్కడ పెట్టి, "నా ఒట్టు గట్టున పెట్టాను" అని మూడుసార్లు అనుకుని, ఏట్లో కాళ్ళు కడుక్కుని ఇంటికి వచ్చేవారు. అక్కడితో ఆ మాటకూ వాళ్ళకూ సంబంధం తెగిపోయేది. ఆ తర్వాత కూడా ఎవరైనా అడిగితే, అడిగినవాడికే మర్యాద తెలియదని చెప్పుకునేవారు.

రేపు పొద్దున్నే తిరిగి ఇస్తానని జల్లెడ తీసుకుపోయిన పొరుగింటావిడ ఓ గులకరాయి పెట్టేది. పెళ్ళినాటికి చీర నేసి ఇస్తానన్న నేతగాడు, పెళ్ళి అయిపోయి పెళ్ళికూతురు పుట్టింటికి వచ్చాక, పిడికెడు రాయి పెట్టేవాడు. నస్యం మానేస్తానని భార్య తల మీద చెయ్యి పెట్టిన పంతులుగారు ఏడాదికి రెండుసార్లు గట్టుకు వచ్చేవారు. ఆయన రాళ్ళు వరస తప్పకుండా, ఒకే సైజులో, చూడముచ్చటగా ఉండేవి.

రాజుగారి రాళ్ళు మాత్రం బండ్ల మీద వచ్చేవి.

ఆ రాజు పేరు హేమాంగదుడు. ఏటేటా తన పట్టాభిషేకం రోజున ప్రజలకు ఒక పెద్ద మాట ఇవ్వడం ఆయనకు అలవాటు. ఒక ఏడు ఏటి తూముకు కొత్త తలుపు అన్నాడు. మరో ఏడు ధాన్యపు కొట్టుకు కప్పు. ఆ పై ఏడు రేవుకు మెట్లు. ఆ తర్వాత వైద్యశాల. జనం చప్పట్లు కొట్టి, దొన్నెల్లో పంచిన చక్కెర పొంగలి తిని, ఇంటికి పోయేవారు. ఆరు నెలలు గడిచాక రెండెడ్ల బండి మీద ఒక పెద్ద బండ గట్టుకు చేరేది. దాన్ని తాళ్ళు కట్టి పైకి లాగడానికి జనమే పోయేవారు, ఎందుకంటే ఆ రోజూ పొంగలి పంచేవారు. ఇలా పన్నెండేళ్ళలో గట్టు కోటగోడంత ఎత్తు పెరిగింది. ఇంత ఎత్తైన గట్టు మరే రాజ్యంలోనూ లేదని ఆస్థాన కవి పద్యాలు కట్టాడు. జనం వాటిని కంఠస్థం చేశారు.

ఈ వ్యవహారంలో రాజు చేసిన తెలివైన పని ఒకటుంది. ఆయన ఏ మాటా తన నోటితో అనేవాడు కాడు. ఓబయ్య అనే చాటింపువాడు తప్పెట కొట్టి, "రాజుగారి మాట, వినుకోండయ్యా" అని వీధివీధినా అరిచి చెప్పేవాడు. మాట నోటికి అంటుకుంటుందనీ, ఇక్కడ నోరు ఓబయ్యదనీ రాజు మంత్రితో చెప్పుకుని నవ్వుకునేవాడు.

ఓబయ్యకు నాంచారి ఒక్కతే కూతురు. పదహారేళ్ళది. తల్లి లేని పిల్ల. తప్పెట తోలు బిగుసుకోవాలంటే నిప్పు సెగ చూపాలి కదా, ఆ పని చిన్నప్పటి నుంచీ ఆమెదే. ఎండుగడ్డి మంటేసి, తప్పెటను కాచి, వేలితో కొట్టి చూసి తండ్రి చేతికి అందించేది. ఆ తర్వాత పక్కన నిలబడి జనాన్ని చూసేది. పోయినేడు ఏ మాటకు చప్పట్లు కొట్టారో ఈ ఏడు వాళ్ళకు గుర్తుండేది కాదు. పొంగలిలో జీడిపప్పు తగ్గిందన్నది మాత్రం గుర్తుండేది. వాళ్ళను చూస్తే నాంచారికి ఒళ్ళు మండేది. ఊరంతటిలో బుద్ధి ఉన్నదాన్ని తానొక్కతినే అని ఆమెకు గట్టి నమ్మకం.

పన్నెండో పట్టాభిషేక ఉత్సవం వచ్చింది. ఆ ఏటి కొత్త మాట, తూముకు కొత్త తలుపు. ఏడేళ్ళ కిందట చెప్పిందే. పాత బండ గట్టు మీదే ఉండగా, దాన్ని మర్చిపోయిన జనం చప్పట్లు కొట్టారు. ఓబయ్య ఏటి గట్టుకు ఎదురుగా ఉన్న మూడో వీధి మలుపులో తప్పెట కొడుతూ ఉండగా అడుగు ముందుకు పడలేదు. వంగి చూసుకుంటే పాదాలు రెండూ నల్లరాయి అయిపోయి ఉన్నాయి. అదే సమయానికి ఏటి రేవులో గుడ్డలు ఉతుకుతున్న ఆడవాళ్ళు కేకలు పెట్టారు. నీళ్ళు వెనక్కి, పైకి, కొండల వైపు పోతున్నాయి. మధ్యాహ్నానికి కోరింటేట్లో చేపలు బురదలో కొట్టుకున్నాయి.

ఆస్థాన జ్యోతిష్కుడు లెక్కలు కట్టి చెప్పాడు. ఏరు పుట్టే కోనలో బండాసురుడనే రాక్షసుడు కూర్చుని ఏటిని మింగుతున్నాడు. ఓబయ్య ఒంట్లో రాయి రోజుకు జానెడు చొప్పున పైకి పాకుతుంది. ఏడో రోజు పొద్దు గుంకేసరికి నోటిని చేరుతుంది. నోరు రాయి అయితే మనిషి పోయినట్టే.

రాజు వెంటనే తన పని తాను చేశాడు. సేనాపతి మూడు రోజుల్లో ఏటిని జుట్టుపట్టి లాక్కొస్తాడని చాటింపు వేయించాడు. వేసింది ఎవరనుకున్నారు పిల్లలూ? కాళ్ళు రాయైపోయి నడివీధిలో నిలబడి ఉన్న ఓబయ్యే. ఆయన కదలలేడు కనుక జనాన్నే ఆయన చుట్టూ పోగు చేశారు. వాళ్ళు చప్పట్లు కొట్టారు.

నాంచారి ఇక ఆగలేదు. నడుముకు కొడవలి దోపుకుని, జొన్నరొట్టెలు మూట కట్టుకుని తండ్రి ముందుకు వచ్చింది.

"నాయనా, నేను పోయి ఏటిని..."

"తెస్తానని చెప్పకే తల్లీ" అన్నాడు ఓబయ్య. "ఆ మాటలు చాటి చాటే ఇట్లయినా. పోతున్నానని చెప్పు, చాలు."

"పోతున్నా నాయనా."

ఆమె ఎండిన ఏటి ఇసకలో ఎగువకు నడిచింది. మర్నాటికి అడవి మొదలైంది. అడవి మొగదలలోనే ఒక తీగల పొద కదులుతూ, గొణుగుతూ కనిపించింది. దగ్గరికి పోయి చూస్తే అందులో సేనాపతి ఉన్నాడు. మెడ వరకూ తీగలు చుట్టుకుని, దారం చుట్టిన బొంగరంలా బిగిసిపోయి ఉన్నాడు. సైనికులు ఏరని అడిగితే, భోజనాలయ్యాక వెనక్కి వెళ్ళిపోయారని చెప్పాడు.

"నువ్వు ఓబయ్య కూతురివి కదూ? నన్ను విప్పు. నిన్ను సొంత కూతురిలా చూసుకుంటాను" అన్నాడు.

సరసరమంటూ తీగ ఆయన చుట్టూ మరో చుట్టు చుట్టుకుంది.

"ఏడూళ్ళు ఇనాం ఇప్పిస్తాను."

ఇంకో చుట్టు. నాంచారికి సంగతి అర్థమైంది. ఈ అడవిలో ఉత్తమాట అన్నవాణ్ణి తీగ పట్టుకుంటుంది.

"సేనాపతిగారూ, కాసేపు ఏమీ ఇవ్వకండి" అంది. "మీరు నిజంగా ఏం చెయ్యగలరో అది చెప్పండి."

సేనాపతి ఆలోచనలో పడ్డాడు. ఇన్నేళ్ళ కొలువులో ఆయన్ని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. చివరికి, "ఇంటికి పోయి పడుకోగలను" అన్నాడు.

తీగలన్నీ ఒక్కసారి వదిలేశాయి. ఆయన లేచి, మీసాలకు అంటిన ఆకులు దులుపుకుని, అన్నమాట ప్రకారం ఇంటికి పోయి పడుకున్నాడు. జీవితంలో ఆయన నిలబెట్టుకున్న మాట అదొక్కటే.

నాంచారి పెదవి విప్పకుండా అడవి దాటింది. మూడో రోజు ఉదయానికి దారి ఒక లోయ అంచున ఆగిపోయింది. కింద అడుగు కనిపించడం లేదు. అంచున పెద్ద బండ మీద గండభేరుండ పక్షి కూర్చుని ఉంది. ఒక ఒళ్ళు, రెండు తలలు. వచ్చినవారిని లోయ దాటిస్తానని అది ఒకప్పుడు ఏటి దేవతకు మాట ఇచ్చి, అందుకు బదులుగా ఆ కొండ మీది పళ్ళన్నీ తినే హక్కు పొందింది. పళ్ళు తినడం మాత్రం మానలేదు. బండ చుట్టూ అరిగిపోయిన చెప్పులూ, విరిగిన చేతికర్రలూ కుప్పలు పడి ఉన్నాయి. ఎదురుచూసి ఎదురుచూసి వెనక్కి పోయినవాళ్ళవి అవి.

నాంచారి కుడి తలను అడిగింది. దారి చెప్పడం వరకే తన పని అనీ, దాటించడం ఎడమ తల చూసుకుంటుందనీ అది చెప్పింది. ఎడమ తలను అడిగితే, కుడి తల ముందుగా సరే అనాలనీ, పద్ధతి అదేననీ చెప్పింది. మళ్ళీ కుడి తల దగ్గరికి పోతే, సరే అనడానికి తనకు అభ్యంతరం లేదనీ, అయితే ఎడమ తల వచ్చి అడగాలనీ అంది. రెండు తలలకూ మధ్య దూరం రెండు మూరలు. ఆ రెండు మూరల మధ్య తిరగడంతోనే నాంచారికి మిట్టమధ్యాహ్నమైంది. తండ్రి ఒంట్లో రాయి నడుము దాకా వచ్చి ఉంటుందని గుర్తొచ్చింది.

ఆమె ఇక అడగడం మానేసింది. పళ్ళు తిన్న ఎడమ తల కునికిపాట్లు పడుతుండగా వెనక నుంచి పోయి, తన ఓణీ దాని మీద ముసుగులా కప్పి, ముక్కు దగ్గర ముడి వేసింది. చీకటి పడిందనుకుని అది నిద్రపోయింది. అప్పుడామె కుడి తల ముందుకు వచ్చి నిలబడింది.

"వాడు లేడు. ఇప్పుడిక్కడ ఉన్నది నువ్వొక్కడివే. లోయ దాటించే పని ఎవరిది?"

కుడి తల ఎడమ వైపు చూసింది. వెనక్కి చూసింది. కింద కూడా చూసింది. పని అప్పజెప్పడానికి ఎవరూ కనిపించలేదు.

"నాదే అనుకుంటా" అంది చాలా చిన్న గొంతుతో.

"అయితే ఎక్కుతున్నా."

పక్షి ఒక్క ఊపులో లోయ దాటింది. అవతల దిగాక నాంచారి ముసుగు విప్పితే ఎడమ తల కళ్ళు చికిలించి చుట్టూ చూసి, "చూశావా, నేను తలుచుకుంటే ఎంతసేపు" అంది. పని చేసి చూడటం అదే మొదటిసారి కనుక కుడి తలకు రొప్పు వస్తోంది. నాంచారి తిరిగి వచ్చేదాకా అక్కడే ఉండమని దానికే చెప్పి, ఎడమ తలకు మళ్ళీ ముసుగు వేసి, ముందుకు నడిచింది.

నాలుగో రోజు ఏరు పుట్టే కోనకు చేరింది. కోన మధ్యలో కొండంత ఆకారం కూర్చుని ఉంది. ఒళ్ళంతా రాళ్ళే. గులకరాళ్ళు, పిడికెడు రాళ్ళు, భుజాల దగ్గర బండలు. ఏరు మొత్తం ధారగా దాని నోట్లోకి పోతోంది. అంతకన్నా భయం వేసే సంగతి ఏమిటంటే, ఆ రాళ్ళన్నీ గుసగుసలాడుతున్నాయి. రేపిస్తా, ఎల్లుండి వస్తా, ఈసారి తప్పదు, నన్ను నమ్ము, నా బిడ్డల మీదొట్టు. ఎండలో తుమ్మెదల రొదలా ఆ మాటలే వినిపిస్తున్నాయి.

నాంచారి కొడవలి దూసింది.

"దాన్ని పక్కన పెట్టు బిడ్డా. రాయికి తగిలితే మొండివారుతుంది" అన్నాడు బండాసురుడు. కోపం లేని గొంతు. "ఏం కావాలి?"

"మా ఏరు కావాలి. ఎందుకు మింగుతున్నావు?"

"దాహం. అక్కడ మీ గట్టు మీద ప్రతి రాయికీ ఇక్కడ నా ఒంట్లో ఒక జోడు ఉంది. ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉన్న రాళ్ళు. దాహమెయ్యదా? నన్ను నేను పుట్టించుకోలేదు. మీరే పుట్టించారు, ఒక్కో రాయీ పేర్చి."

"నేను పేర్చలేదు" అంది నాంచారి. "మా ఊరివాళ్ళు అట్లాంటివాళ్ళే. వాళ్ళంటే నీకన్నా నాకే ఎక్కువ అసహ్యం."

బండాసురుడు తన పక్కటెముకల మధ్య వెతికి, కోడిగుడ్డంత రాయి ఒకటి తీసి ఆమె చెవి దగ్గర పెట్టాడు. అందులోంచి ఒక పిల్ల గొంతు వినిపించింది. "అవ్వా, నువ్వు రేవుకు పోవద్దులే. రోజూ బిందెడు నీళ్ళు నేను తెచ్చిపెడతా."

అది నాంచారి గొంతే. మూడేళ్ళ కిందటి మాట. వీధి చివర ఎత్తు మీద గుడిసెలో ఉండే అచ్చమ్మవ్వకు కాళ్ళు పడిపోతే జాలిపడి అన్న మాట. నాలుగు రోజులు తీసుకుపోయింది. ఐదో రోజు ఊళ్ళోకి బొమ్మలాటవాళ్ళు వచ్చారు. ఆరో రోజు బద్ధకమేసింది. ఏడో రోజు గట్టు మీద ఓ రాయి పెట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చేసింది. అవ్వ ఎన్నడూ అడగలేదు. ఈ మూడేళ్ళు ఆ ముసలిది నీళ్ళు ఎట్లా తెచ్చుకుందో నాంచారి ఒక్కసారైనా అనుకోలేదు. ఊరందరినీ చీదరించుకుంటూ వచ్చిన ఆమెకు, ఆ చీదర ఇప్పుడు తన మీదికే తిరిగి, కూర్చోవడానికి చోటు లేనట్టయింది.

కొడవలి తిరిగి నడుముకు దోపుకుని, ఏం చెయ్యమంటావని అడిగింది. బండాసురుడు విడమరిచి చెప్పాడు. రాయిని పెట్టిన చెయ్యే ఎత్తాలి. ఎత్తి, ఆ మాట ప్రకారం పనికి దిగాలి. దిగిన క్షణాన రాయి ఇసకవుతుంది. మధ్యలో మానేస్తే ఇసక మళ్ళీ రాయవుతుంది. ఎన్ని రాళ్ళు ఇసకైతే అన్ని నీళ్ళు తాను వదులుతాడు. గట్టు మొత్తం ఇసకైన రోజున ఓబయ్య కాళ్ళు కదులుతాయి. ఒక్క రాయి మిగిలినా కదలవు.

"మా నాయన నోటి దగ్గరికి రాయి రాకుండా నాలుగు రోజులు ఆపుతానని మాట ఇవ్వు."

"నా చేతిలో లేనిదానికి మాట ఇవ్వను బిడ్డా" అన్నాడు రాక్షసుడు.

ఇంత మర్యాదైన మాట తన రాజ్యంలో ఏ మనిషి నోటా నాంచారి వినలేదు. ఆమె చేతులు జోడించి వెనుదిరిగింది.

కుడి తల అక్కడే కాచుకుని ఉంది. లోయ దాటించడమే కాక అడవి చివరిదాకా తీసుకువచ్చి దింపింది. నాంచారి ముసుగు విప్పి తన ఓణీ తీసుకుంది. ఆరో రోజు పొద్దున నాంచారి ఊరు చేరేసరికి ఓబయ్య భుజాల వరకూ రాయి. ఆమెను చూసి కళ్ళతోనే నవ్వాడు. ఆమె తండ్రి దగ్గర ఆగలేదు, కోటకూ పోలేదు. ఏటి ఇసకలో చేతులతో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు దోసిలితో బిందెలో నింపుకుని, గట్టు మీద తన రాయి వెతికి కొంగున కట్టుకుని, ఎత్తెక్కి అచ్చమ్మవ్వ గుడిసెకు పోయింది. కోడిగుడ్డంత రాయి బిందెకన్నా బరువుగా ఉంది.

"ఎవరే అది?"

"నాంచారిని అవ్వా. నీళ్ళు తెచ్చినా."

"నాలుగు దినాలు తెచ్చి యాడికి పోతివే?"

"యాడికీ పోలేదవ్వా. సిగ్గులేక ఇంట్లోనే ఉంటి."

"అట్లనా. ఆ మూల దించు. రేపొస్తావా?"

తప్పకుండా వస్తానని నోటి చివరిదాకా వచ్చింది. నాంచారి దాన్ని మింగేసి ఆలోచించింది.

"పొద్దున్నే వస్తా. నేను రాలేని దినం ఎవరినన్నా పంపిస్తా."

"అది బాగుంది" అంది అవ్వ.

కొంగు తేలికైంది. విప్పి చూస్తే గుప్పెడు ఇసక. అప్పుడే ఎండిన ఏట్లోకి దారమంత నీటిపాయ దిగి వచ్చింది.

అది చూసి జనం గట్టు దగ్గర మూగారు. నాంచారి విన్నదీ చేసిందీ చెప్పింది. వాళ్ళు వెంటనే పనిలోకి దూకారు, పక్కవాడి రాయి ఎత్తే పనిలోకి. నేతగాడి రాయి ఎత్తాలని పంతులుగారు, పంతులుగారి రాళ్ళు ఎత్తాలని నేతగాడు గంటసేపు తంటాలు పడ్డారు. ఒక్కటీ కదల్లేదు. మీరు మొదలుపెట్టండంటే మీరు మొదలుపెట్టండని మర్యాదలు చేసుకున్నారు. చివరికి దాహమైనవాళ్ళు ముందు వంగారు. మంచితనం పుట్టుకొచ్చి కాదు, నాలుక పిడచకట్టుకుపోయి. పొరుగింటావిడ జల్లెడ తిరిగి ఇచ్చింది. జల్లెడ అసలు సొంతదారు ఈలోగా రెండు జల్లెళ్ళు కొనుక్కుంది, అది వేరే విషయం. పంతులుగారు నస్యం డబ్బీ చెలమ గుంటలో పారేసి, ఇరవై నాలుగు రాళ్ళు ఇసకవుతుంటే తుమ్ముతూ చూశారు. రాళ్ళు తగ్గిన కొద్దీ పాయ వెడల్పయింది. ఏడో రోజు మధ్యాహ్నానికి ఏట్లో చీలమండల లోతు నీళ్ళు పారుతున్నాయి. గట్టు మీద పన్నెండు బండలే మిగిలాయి. ఓబయ్యకు మెడ వరకూ రాయి వచ్చింది.

అప్పుడు పల్లకీలో రాజు వచ్చాడు. నీళ్ళు వచ్చాయని విని, తన వల్లనే వచ్చాయని చెప్పించుకోవడానికి వచ్చాడు. ఈ బండలు ఎత్తమని నాంచారి అడిగింది. రాజు మంత్రి చెవిలో ఏదో చెప్పాడు. మంత్రి ఓబయ్య దగ్గరికి పోయి, నాంచారికి అర్ధరాజ్యమూ, యువరాజుతో పెళ్ళీ అని చాటమన్నాడు.

"ఈసారికి దొరగారినే అనమనండి" అన్నాడు ఓబయ్య. గొంతు రాపిడిగా వచ్చింది.

రాజుకు కోపం వచ్చింది. ఆ కోపంలో పన్నెండేళ్ళలో మొదటిసారి జనం ముందు తన నోటితో మాట్లాడాడు.

"ఈ బండలు నావని ఎవరన్నారు? ఆ మాటల్లో ఒక్కటైనా నేనన్నానా? ఎవరైనా విన్నారా? ఆ పన్నెండింటిలో ఏదీ నాది కాదు. అందరూ వినండి, ఇదే చెబుతున్నాను."

జనం తలలు దించుకున్నారు. రాజు తెలివిని లోలోపల మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. నాంచారికి తండ్రి గడ్డం కింద నల్లగా పాకుతున్న రాయి కనిపిస్తోంది. పట్టరాని కోపంతో ఆమె జనం వైపు తిరిగింది. ముందు వరసలో బండివాళ్ళు ఒకరి వెనక ఒకరు దాక్కుంటున్నారు. వాళ్ళ చేతుల మీద తాళ్ళు ఒరుసుకున్న కాయలు. ఆమె ఆ చేతులనే చూస్తూ ఉండిపోయింది. కోపం స్థానంలో ఇంకేదో అర్థమైంది.

"రాజుగారు నిజమే చెప్పారు" అంది.

రాజు మీసం సవరించుకున్నాడు.

"ఈ బండలను ఆయన చెయ్యి తాకనే లేదు. బండి తోలింది మీరు. తాళ్ళు లాగింది మీరు. చప్పట్లు కొట్టిన చేతులు మీవి. తప్పెట కాచి ఇచ్చిన చెయ్యి నాది. పెట్టిన చేతులు ఇక్కడే ఉన్నాయి. కోటలో వెతకడం దేనికి?"

ఆమె పోయి తూము తలుపు బండ మీద రెండు చేతులూ వేసింది. "తలుపు మొయ్యడానికి నేనొకదాన్ని వస్తా" అంది. బండ కొద్దిగా కదిలింది. చెక్క కోయడం వచ్చని ఒక వడ్రంగి గొణిగి చెయ్యి వేశాడు. తన బండిలో మోసుకొస్తానని ఒక బండివాడు వేశాడు. పదిమంది చేతులు పడ్డాక బండ లేచింది. వాళ్ళు తూము వైపు నాలుగడుగులు వేసి మొదటి కొయ్య ఎత్తారో లేదో, బండ ఇసకై జారిపోయింది. ఆ తర్వాత ధాన్యపు కొట్టు, రేవు మెట్లు, వైద్యశాల. ఎవరు ఏ బండ దగ్గర తాడు లాగారో వాళ్ళు ఆ బండను ఎత్తుకున్నారు. పల్లకీ మోసే బోయీలు కూడా పల్లకీ దించేసి రేవు మెట్ల వైపు పోయారు.

పొద్దు వాలుతుండగా ఒక్కటే మిగిలింది. అన్నిటికన్నా అడుగున ఉన్నది, అన్నిటికన్నా పెద్దది. పట్టాభిషేకం నాటి మాట. ఈ రాజ్యాన్ని కనిపెట్టుకుని ఉంటానన్న మాట. రాయి ఓబయ్య కింది పెదవిని తాకింది.

"ఇదొక్కటి ఎత్తండి, మా నాయన బతుకుతాడు" అంది నాంచారి రాజుతో.

రాజు బండను చూశాడు, తన చేతులను చూసుకున్నాడు. అది కూడా తనది కాదని ఇందాకే చెప్పానన్నాడు.

నాంచారి బండ మీద చెయ్యి వేసింది. దాన్ని లాగిన రోజున ఆమెకు నాలుగేళ్ళు. తండ్రి భుజం మీద కూర్చుని, సరదాకి తాడు కొస పట్టుకుంది. రాజ్యాన్ని కనిపెట్టుకుని ఉంటాననడానికి ఆమెకు నోరు రాలేదు. అంత మాట తన చేతిలో లేదు. తన చేతిలో ఉన్నది ఎంతో వెతుక్కుంది.

"ఇక మీద చూస్తూ ఊరుకోను" అంది.

బండ కదిలింది. పనుల దగ్గర నుంచి బురద చేతులతోనే జనం వచ్చారు. నేనూ ఊరుకోనని ఒకరు, నేనూ ఊరుకోనని మరొకరు. అచ్చమ్మవ్వను ఎవరో మోసుకొస్తే ఆమె కూడా ఓ వేలు ఆనించింది. ఆ రోజు తాడు పట్టని చెయ్యి ఊళ్ళో లేదు కనుక, ఈ రోజు ఏ చెయ్యీ వెనక్కి తగ్గడానికి వీల్లేకపోయింది. బండ లేచి, గాల్లోనే పగిలి, ఇసకై వాళ్ళందరి తలల మీద రాలింది.

కోనలో బండాసురుడికి ఇక దాహం మిగల్లేదు కాబోలు, కోరింటేరు ఒక్క ఊపున వచ్చి వీధి మలుపు దాకా పొంగింది. ఓబయ్య ఒంటి మీది రాయి బెరడులా ఊడిపోయి, ఆయన తూలి నీళ్ళలో కూర్చుండిపోయాడు. నాంచారి పోయి పట్టుకుంది. ఆయన దోసెడు నీళ్ళు తాగి, ఇంకో దోసెడు తాగి, కూతురి తల మీది ఇసక దులిపాడు.

రాజు పల్లకీ ఎక్కి కూర్చున్నాడు. మోసేవాళ్ళు రాలేదు. చాలాసేపు కూర్చున్నాక దిగి నడిచాడు. కోట ద్వారం దగ్గర భటులు లేరు, వాళ్ళూ తూము దగ్గరే ఉన్నారు. రాజ్యాన్ని కనిపెట్టుకుని ఉండే మాట తనది కాదని అందరి ముందూ తనే చెప్పుకున్న మనిషికి సింహాసనం మీద కూర్చోవడానికి కారణం ఏదీ మిగల్లేదు. మంత్రినీ యువరాజునూ వెంటబెట్టుకుని పొరుగు రాజ్యానికి పోయాడు. అక్కడ ఏదో మంచి పదవి దొరికిందని విన్నాం.

ఆ మాట ముందుగా ఎత్తుకున్నది నాంచారి కనుక, జేగురుకొండవారు ఆమెనే రాణిని చేశారు. మొదటి రోజు కొలువుకు జనం విరగబడి వచ్చారు. ఎగువ పేటకు బాట వేయిస్తానని మాట ఇవ్వమని అడిగారు. చప్పట్లు కొట్టడానికి చేతులు సిద్ధంగా పెట్టుకున్నారు.

"మాట ఇవ్వను" అంది నాంచారి. "పొద్దున్నే అవ్వకు నీళ్ళు పోసి ఎగువ పేటకు వస్తా. పారలు తెచ్చుకోండి."

కొందరు పారలు తెచ్చారు. కొందరు ఇంటికి పోయి, కొత్త రాణికి పొగరెక్కువని చెప్పుకున్నారు. బాట మాత్రం పడింది.